బడికి రాని పిల్లకు జవాబుదారు ఎవరు?

దసరా వెళ్లిందంటే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఊళ్లు ఖాళీ కావడం మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని, ఆలూరు... ఎక్కువ భాగం వానను నమ్ముకున్న నేలలే. తుంగభద్ర దిగువ కాలువ ఉన్నా చివరి భూములకు నీళ్లు చేరేది తక్కువ. ఇంటికి తాళం వేసి, బియ్యం మూటలూ వంటసామాన్లూ దుప్పట్లూ బండికెత్తి జనం గుంటూరు, పల్నాడు దారి పడతారు. ముందు పత్తి తీతలు, తర్వాత మిరప కోతలు. తిరిగి ఊరు చేరేసరికి ఉగాది దగ్గర పడుతుంది. అక్కడివాళ్లు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. ఆ బండ్లలో మూటల మధ్య పిల్లలూ ఉంటారు.

మర్నాడు బడిలో హాజరు పిలుస్తారు. కొన్ని పేర్లకు పలికేవాళ్లుండరు. వారం తిరిగేసరికి ఆ పేర్లకు మరికొన్ని తోడవుతాయి. రిజిస్టరులోంచి ఎవరి పేరూ కొట్టేయరు, కొట్టేయకూడదు కూడా. అందువల్ల లెక్కల్లో ఆ పిల్ల నాలుగో తరగతి చదువుతూనే ఉంటుంది. నిజంగా ఆమె ఉన్నది వందల కిలోమీటర్ల అవతల, మిరప చేను గట్టున వేసిన పట్టా గుడిసెలో. పొద్దున తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది. వాడు నిద్రపోయాక తల్లి పక్కన సాలులో నిలబడి కాయలు కోస్తుంది. ఆ ఊళ్లోనూ బడి ఉంది. ఆ బడి లెక్కల్లో మాత్రం ఈ పిల్ల లేదు.

ఈమెను బడికి చేర్చే బాధ్యత ఎవరిది?

ఎక్కడ అడిగినా ముందుగా వచ్చే జవాబు తల్లిదండ్రులదనే. కన్నవాళ్లకే పట్టకపోతే సర్కారు ఏం చేస్తుంది అంటారు. పుస్తకాలిచ్చారు, బట్టలిచ్చారు, మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు, డబ్బు కూడా వేస్తున్నారు, ఇంకేం చేయాలి అంటారు. పిల్లల కోసం రోజూ గొంతు అరగదీసుకునే మంచి టీచర్లు కూడా విసిగిపోయి ఈ మాటే అంటారు. అయినా ఈ జవాబు తప్పని నా నమ్మకం. చట్టం ప్రకారం తప్పు, మన తెలుగు నేల మీద జరిగిన అనుభవం ప్రకారమూ తప్పు. దీనితో సరిపెట్టుకున్నంత కాలం ఆ పిల్ల చేను గట్టునే ఉంటుంది.

చట్టం ఎవరి మీద పెట్టింది

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టాన్ని ఒకసారి తెరిచి చూడండి. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ప్రతి బిడ్డనూ బడిలో చేర్చడం, రోజూ వచ్చేలా చూడడం, ఎనిమిదో తరగతి పూర్తి చేయించడం ప్రభుత్వం విధి అని ఎనిమిదో సెక్షన్ చెబుతుంది. తొమ్మిదో సెక్షన్ అదే పనిని స్థానిక సంస్థ మీద కూడా పెట్టింది. తన పరిధిలో ఉన్న పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి జాబితా ఆ సంస్థ దగ్గర ఉండాలి. వాళ్ల హాజరును కనిపెట్టి ఉండాలి. వలస వచ్చిన కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించాలని అదే సెక్షన్ విడిగా, స్పష్టంగా రాసింది. అంటే పల్నాడులోని ఆ మిరప చేను ఏ పంచాయతీలో ఉందో, ఆ పంచాయతీకి ఈ పిల్ల మీద బాధ్యత ఉంది. పిల్ల ఎప్పుడొచ్చినా చేర్చుకోవాలి, వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదు, బదిలీ పత్రం ఆలస్యమైందని ఆపకూడదు. ఇవన్నీ చట్టంలో ఉన్నవే.

తల్లిదండ్రుల మాట పదో సెక్షన్‌లో వస్తుంది. పిల్లను దగ్గర్లోని బడిలో చేర్చడం వాళ్ల విధి అని ఒక్క వాక్యం. చేర్చకపోతే జరిమానా గానీ శిక్ష గానీ లేవు. రాజ్యాంగంలో 51ఎ అధికరణానికి 2002లో చేర్చిన విధి కూడా ఇలాంటిదే. బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించమంటుంది, అంతే. అసలు బరువంతా ప్రభుత్వం మీదే పడింది.

ఇక్కడిదాకా రావడానికి వందేళ్లు పట్టింది. 1911లో గోపాలకృష్ణ గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు తెచ్చారు. మరుసటి ఏడాది ఓడిపోయింది. 1948 నవంబరులో రాజ్యాంగ సభ చర్చలో, ఈ హామీని ప్రాథమిక విద్యకే పరిమితం చేద్దామన్న సూచన వచ్చినప్పుడు అంబేడ్కర్ ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదని ఇదే రాజ్యాంగంలో రాస్తున్నాం, మరి పనిలో లేని బిడ్డ బడిలో ఉండాలి కదా అన్నది ఆయన వాదన సారం. పదేళ్లలో, అంటే 1960కల్లా అందరినీ బడికి తెస్తామని 45వ అధికరణంలో రాసుకున్నాం. ఆ గడువు దాటిన మూడు దశాబ్దాలకు, 1993లో, ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం.

రంగారెడ్డి జిల్లా నేర్పిన పాఠం

పేదవాళ్లకు పిల్లల సంపాదన కావాలి, అందుకే బడికి పంపరు అన్న నమ్మకం మన దేశంలో చాలా పాతది. అమెరికా పండితుడు మైరన్ వీనర్ 1991లో అచ్చయిన తన పుస్తకంలో దీన్నే పట్టుకున్నారు. మనకంటే పేదగా ఉన్న రోజుల్లో కూడా కొన్ని దేశాలు పిల్లలందరినీ బడికి తేగలిగాయి, భారతదేశానికి అడ్డం పడింది ఆదాయం కంటే ఎక్కువగా అధికారుల, చదువుకున్నవాళ్ల ఆలోచన అన్నారు. కూలివాడి బిడ్డ కూలికే పోతాడని లోలోపల ఒప్పుకున్న మనసు అది.

అదే 1991లో రంగారెడ్డి జిల్లాలో ఒక ప్రయత్నం మొదలైంది. ఆంధ్రలో స్వాతంత్ర్య పోరాట చరిత్రను గ్రంథస్థం చేసిన మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, ఆయన మనుమరాలు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా నాయకత్వంలో పల్లెల్లోకి వెళ్లింది. వాళ్లు పెట్టుకున్న సూత్రం చాలా సూటిగా ఉంటుంది. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే. దొర దగ్గర జీతం ఉన్న పిల్లవాడు, గొడ్లు కాసేవాడు, ఇంట్లో చెల్లెల్ని ఆడించే అక్క, అందరూ ఆ లెక్కలోకే వస్తారు. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న తేడా లేదు. పగలు పని, రాత్రి బడి అన్న రాజీ కూడా లేదు. పూర్తి కాలం, పగటి బడి.

ఊరి యువకులే ఇల్లిల్లూ తిరిగి ఎవరి పిల్లలు ఎక్కడున్నారో రాసుకున్నారు. జీతం పెట్టుకున్న ఆసాములతో మాట్లాడారు. పదేళ్లు దాటి అక్షరం రాని పిల్లలను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మానేస్తారని శిబిరాలు పెట్టి, కొన్ని నెలలు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. బ్రిడ్జి కోర్సు అన్న మాట మన ఊళ్లకు అలా వచ్చింది. ప్రభుత్వ టీచర్లు బాల కార్మిక విమోచన వేదికగా కూడారు. వందల ఊళ్లు తమ ఊళ్లో పనిలో ఉన్న బిడ్డ ఒక్కరూ లేరని చెప్పుకోగలిగాయి. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

పురస్కారాల కంటే ఆ పనిలో బయటపడ్డ సంగతి నాకు ముఖ్యం. తల్లిదండ్రులు వద్దనలేదు. వాళ్లకు చదువు కావాలి. బడి గడప ఎలా ఎక్కాలో తెలియదు. పుట్టిన తేదీ అడిగితే ఏ కరువు ఏడాదో, ఏ పండగ ముందో చెప్పగలరు. అది కాగితం మీదికి ఎక్కదు. ఇప్పుడు కాదు జూన్‌లో రండి అని ఒక్కసారి పంపేస్తే మళ్లీ రారు, ఎందుకంటే ఆ ఒక్కసారి రావడానికే ఒక రోజు కూలి పోయింది. వాళ్ల పక్కన నిలబడి మాట్లాడే మనిషి ఒకరు ఉంటే చాలు, పిల్లలు బడికి వచ్చారు. పిల్లల కూలి ఆగిపోతే కుటుంబాలు కూలిపోతాయని భయపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కుటుంబాలు తమ పనులు తామే సర్దుకున్నాయి.

ఏడింటికి ఆటో, తొమ్మిదింటికి గంట

బడికి చేర్చడం అంటే జూన్‌లో ఒకసారి పేరు రాయించడంతో అయిపోయే పని కాదు. రోజూ పొద్దున జరగాలి. ఆ పొద్దున ఏం జరుగుతుందో చూద్దాం.

కూలి ఆటో ఏడింటికల్లా ఊరి నడుమ వచ్చి ఆగుతుంది. పత్తికైనా, కలుపుకైనా, నాట్లకైనా అదే వేళ. తల్లి అంతకు ముందే వండి, సద్ది కట్టుకుని బయల్దేరాలి. బడి గంట తొమ్మిదింటికి. అంగన్‌వాడీ కూడా ఆ వేళకే తెరుస్తారు. మధ్యలో రెండు గంటలు ఇంట్లో పెద్దవాళ్లు లేరు. రెండేళ్ల చంటివాడు, తొమ్మిదేళ్ల అక్క ఉన్నారు. వాణ్ణి అంగన్‌వాడీలో దింపి తను బడికి పోవాలి. వాడు ఏడిస్తే, ఒళ్లు వెచ్చబడితే, ఆ రోజు ఆయమ్మ రాకపోతే అక్క ఇంట్లోనే ఉండిపోతుంది. ఒక రోజు రెండు రోజులవుతుంది. నాలుగో రోజు బడికి పోవాలంటే టీచరు ఏమంటారోనన్న బెదురు. మన పల్లెల్లో ఆడపిల్ల బడికి దూరమయ్యేది చాలాసార్లు ఇలాగే. ఎవరూ మాన్పించరు. చదువు దానంతటది జారిపోతుంది.

ఈ రెండు గంటలు ఎవరివి? తల్లివంటే ఆమె కూలి మానుకోవాలి. నా దృష్టిలో ఇవి ప్రభుత్వానివి. అంగన్‌వాడీ బడి ఆవరణలోనే ఉండి, పొలం పనుల కాలంలో ఏడింటికి తెరిస్తే, అక్కకూ తమ్ముడికీ ఒకే చోట పొద్దున టిఫిన్ పెడితే, సగం చిక్కు తీరుతుంది. తమిళనాడు 2022లో బడి పిల్లలకు ఉదయం అల్పాహారం మొదలుపెట్టింది. తెలంగాణ 2023 దసరా ముందు అలాంటి పథకమే ప్రారంభించింది. దాన్ని కడుపు నింపే పథకంగానే చూశాం. తల్లి వెళ్లాక ఖాళీగా మిగిలే వేళలో పిల్లను బడి గోడల లోపలికి తెచ్చే ఏర్పాటుగా చూసి ఉంటే, దాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలిసేది.

జోగులాంబ గద్వాల జిల్లాలో సీడ్ పత్తి చేలకు వెళ్తే ఇదే సమస్య ఇంకో రూపంలో కనిపిస్తుంది. అక్కడ క్రాసింగ్ అనే పని ఉంది. సాయంత్రం మొగ్గలు ఒలిచి పెట్టాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. పువ్వు ఎండకు వాడకముందే అయిపోవాలి. సన్నని వేళ్లు, మొక్కంత ఎత్తు కావాలని ఆడపిల్లలను పిలుస్తారు. అది సరిగ్గా బడి వేళ. ఆగస్టు నుంచి నెలల తరబడి సాగుతుంది. ఆ పిల్లల హాజరుకు విత్తన కంపెనీ, దానికీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజరు, రైతు ముగ్గురూ జవాబు చెప్పాలి. పద్నాలుగేళ్ల లోపు బిడ్డను పనిలో పెట్టుకోవడాన్ని బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పూర్తిగా నిషేధించింది. సొంత కుటుంబ పనికి, బడి వేళల తర్వాత సాయానికి మాత్రం వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు లోంచే చాలా చేలు తప్పించుకుంటున్నాయి. ఇది నాకు కోపం తెప్పించే సంగతి.

తల్లి ఖాతాలో డబ్బు

2020 జనవరి 9న చిత్తూరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం అమ్మ ఒడి మొదలైంది. బిడ్డను బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు, ఒక తల్లికి ఒకరి లెక్కన. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ ఇస్తున్నారు. బడి నిర్వహణకు 2,000 మినహాయించి 13,000 ఖాతాలో వేస్తున్నారు. ఈ డబ్బు దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. పిల్ల చెప్పులకూ, నోటు పుస్తకాలకూ, జ్వరానికీ, కూలి దొరకని వారానికీ అది పనికొస్తుంది. రెండో బిడ్డకు కూడా ఇవ్వడం మంచి మార్పు. మొదటి పద్ధతిలో ఇంట్లో రెండో బిడ్డ లెక్కకు రాలేదు.

నా అభ్యంతరం షరతు మీద. 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 55 రోజులకు మించి మానకూడదు. సుగ్గి నాలుగైదు నెలలు. ఆ లెక్కలో తప్పిపోయేది కోసిగి పిల్ల, చంటివాణ్ణి చూసుకునే అక్క. ఎవరి ఇంటికి ఆ డబ్బు ఎక్కువ అవసరమో వాళ్లకే అందకుండా పోయే ప్రమాదం ఈ షరతులో ఉంది. హాజరు చూడాల్సిన విధి చట్టం ప్రకారం ప్రభుత్వానిది. ఆ విధి తప్పితే కోత పడేది తల్లి ఖాతాలో. హాజరు తగ్గిన ప్రతి బిడ్డ ఇంటికీ ఒక మనిషి వెళ్లి, కారణం రాసి, దాన్ని సరిచేసే ప్రయత్నం జరిగాక కదా ఎవరికైనా డబ్బు ఆపడం గురించి మాట్లాడాలి?

ఇంకొకటి. పథకాల పేర్లన్నీ అమ్మ మీదే ఉన్నాయి. బడి సమావేశానికి వచ్చేదీ అమ్మే. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో సగం స్థానాలు స్త్రీలకు ఇవ్వడం న్యాయమే. తండ్రి మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కడా కనిపించడు. పిల్ల ఎందుకు రాలేదని అడగడానికి టీచరు ఫోన్ చేస్తే తీసేది చేలో ఉన్న తల్లి. తండ్రి నంబరు కూడా రాసుకోండి, ఆయన్నీ అడగండి.

ఒక కిలోమీటరు ఎంత దూరం

ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపల, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల ఉండాలని రాష్ట్ర నిబంధనలు చెబుతున్నాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ జీవో 117 ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించారు. సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్న ఆలోచన దాని వెనుక ఉంది. అది చిన్న విషయం కాదు. కానీ ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటాలి, రైలు కట్ట దాటాలి, వాగు దాటాలి. చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడి ముందు కూర్చున్నారు. 2025లో ఆ విధానాన్ని మార్చారు. చదువు పట్టదని అనిపించుకున్న జనమే ఆ రోజు మా ఊరి బడి మాకుండాలని కూర్చున్నారన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి.

బడి దూరమైన చోట పిల్లకు రవాణా భత్యం ఉంది. సమగ్ర శిక్ష కింద ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయలు. బడి నడిచే పది నెలలకు లెక్కేస్తే నెలకు 600. ఆటో దొరికే ఊళ్లో అది కొంతైనా పనికొస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గెడ్డ పొంగితే ఆటో లేదు, దారీ లేదు. పిల్లలు ఇవతల, టీచరు అవతల. ఆ గెడ్డ మీద వంతెన కట్టే ఇంజినీరు కూడా పిల్లలను బడికి చేర్చే బాధ్యతలో భాగస్వామే. ఆయన శాఖ ఫైల్లో ఆ మాట ఉండదు, అంతే తేడా.

కన్నవాళ్ల వంతు

తల్లిదండ్రులకు బాధ్యతే లేదని నేను అనడం లేదు. పద్నాలుగేళ్లు రాగానే సంబంధం చూసే ఇళ్లు ఉన్నాయి. కొడుకును ఫీజు కట్టి ఇంగ్లీషు మీడియంకు పంపి, కూతుర్ని పొలానికి పంపే ఇళ్లు ఉన్నాయి. అది లేమి వల్ల జరిగేది కాదు, నిర్ణయం. అక్కడ మెత్తగా ఉండనక్కర లేదు. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. కానీ అక్కడ కూడా ఆ ఇంటి తలుపు తట్టేది ఎవరు? వరుసగా మూడు రోజులు రాని పిల్ల ఇంటికి నాలుగో రోజు వెళ్లాల్సిన మనిషి పేరు ఊళ్లో అందరికీ తెలిసి ఉండాలి. టీచరు ఒక్కరే ఐదు తరగతులు చెబుతూ, యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తూ, ఇళ్లకు కూడా తిరగాలంటే కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకుల పోస్టు ఉంది. తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి ఉన్నారు. ఆ పని వాళ్లదని రాసి, బడి గోడ మీద పేరు, ఫోన్ నంబరు పెట్టవచ్చు.

వలస పిల్లల విషయంలో రెండు ఊళ్లూ కలవాలి. కర్నూలు జిల్లాలో సీజనల్ హాస్టళ్లు కొత్త కాదు. బండ్లు కదిలాక తెరిస్తే వాటికి అర్థం లేదు. పిల్లను వదిలి పోవాలంటే తల్లి ముందే ఆ చోటు చూసుకోవాలి, వంటమనిషిని చూసుకోవాలి, రాత్రి ఆడపిల్లల దగ్గర ఎవరుంటారో తెలుసుకోవాలి. అందరూ వదలరు, వదలనక్కరా లేదు. తమతో తీసుకుపోయే పిల్లల పేర్లు, తరగతులు వెళ్లే మండలానికి ముందే చేరాలి. తెలంగాణ ఇటుక బట్టీల్లో ఒడిశా పిల్లల కోసం ఇలాంటిది జరిగింది. రాచకొండ పోలీసులు బట్టీ యజమానులను ఒప్పించి పనిచోటే బడులు పెట్టించారు, ఒడియా చెప్పగల టీచర్లను రప్పించారు. భాష వేరైన పిల్లలకే అది సాధ్యమైతే, తెలుగు పిల్లను తెలుగు బడిలో కూర్చోబెట్టడం ఎందుకు కాదు? మిరప రైతుకూ, కూలీలను మాట్లాడి తెచ్చే మేస్త్రీకీ ఇందులో భాగం ఉంది. ఎంతమంది కూలీలు వస్తున్నారో ముందుగా తెలిసేది మేస్త్రీకే. వాళ్లతో ఎంతమంది పిల్లలున్నారో కూడా ఆయనకు తెలుసు.

వలస పోయే ఇళ్ల పిల్లల జాబితా చదవడానికి అక్టోబరు 2 గ్రామసభ ఉంది. గాంధీ జయంతి నాడు ఎలాగూ జరుపుతారు. ఈ ఏడు సుగ్గికి ఎవరు పోతున్నారు, ఎవరి పిల్లలు హాస్టల్లో ఉంటారు, ఎవరు వెంట పోతున్నారు, ఏ ఊరికి, అక్కడి హెడ్‌మాస్టరు నంబరు ఏమిటి అని సర్పంచ్ పేరుపేరునా చదవాలి. చదివిన కాగితం మీద సర్పంచ్, హెడ్‌మాస్టరు, విద్యా సహాయకులు ముగ్గురూ సంతకం పెట్టాలి. ఒక నకలు వెళ్లే మండలం ఎంఈవోకు పంపాలి. ఉగాదికి జనం తిరిగొచ్చాక, ఆ కాగితాన్నే పట్టుకుని ఎవరు ఎన్ని రోజులు బడికి వెళ్లారో మళ్లీ అదే సభలో చదవాలి. బండ్లు ఎక్కువగా కదిలేది దసరా తర్వాతే. ఈ పని చేయడానికి కొత్త చట్టం గానీ, కొత్త పథకం గానీ అవసరం లేదు.